మండల శాఖ ఎటు? ఆ మాట ఎవరు చెప్పాలి?

ప్రశ్న: కోనసీమలో ఒక ఉపాధ్యాయ సంఘం మండల శాఖకు ప్రధాన కార్యదర్శిని. మా దగ్గర 142 మంది సభ్యులున్నారు. జిల్లా కౌన్సిల్‌కు ఏడుగురం వెళ్తాం. ఇన్నేళ్లూ జిల్లా కార్యవర్గం ఏకగ్రీవంగానే ఏర్పడేది. ఈసారి అధ్యక్ష, ప్రధాన కార్యదర్శి పదవులకు రెండు ప్యానెళ్లు దిగాయి. రెండు వైపులా మనవాళ్లే. రోజూ ఫోన్లు చేసి ‘మీ మండలం ఎటు?’ అని అడుగుతున్నారు. ఈలోగా మా అధ్యక్షుడు గారు ఒక ప్యానెల్ నాయకుడితో ఫొటో దిగి, ‘మన మండలం మీ వెంటే’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ రాత్రికే 19 మంది గ్రూపులోంచి వెళ్లిపోయారు. వాళ్లలో లంక బడుల (గోదావరి మధ్య దీవుల్లోని బడుల) టీచర్లు, మొన్నటి డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) వచ్చిన పిల్లలు ఎక్కువ. వచ్చే సభ్యత్వం వేరే సంఘంలో కడతామని కొందరు అంటున్నారట. మండల శాఖగా ఒక వైపు మద్దతు ప్రకటించవచ్చా? ఏ పద్ధతిలో? ఏడుగురం ఒకే వైపు ఓటు వేయాలా? అధ్యక్షుడు గారి పోస్టును ఏం చేయాలి?

సమాధానం: మాస్టారూ, మీ బైలా (సంఘం నియమావళి) వద్దనకపోతే మద్దతు ప్రకటించవచ్చు. కానీ ఆ మాట చెప్పే హక్కు అధ్యక్షుడికి లేదు, మీకూ లేదు, కార్యవర్గానికీ లేదు. సభ్యులు సర్వసభ్య సమావేశంలో కూర్చుని, చీటీ మీద ఓటు వేసి తేల్చితేనే అది మండల శాఖ మాట అవుతుంది. అక్కడ కూడా తేడా కొద్దిపాటిదే అయితే ఎవరికీ మద్దతు ప్రకటించకుండా ఉండటమే మేలని మా గట్టి అభిప్రాయం. జిల్లాలో ఎవరు గెలిచినా రెండు రోజుల హడావిడి. మండలంలో ఓడినవాళ్లు మాత్రం మూడేళ్లపాటు మీ పక్క బడిలోనే పనిచేస్తారు.

ముందు బైలా తీసి చదవండి. జిల్లా ఎన్నికల్లో ఓటు సభ్యులందరిదా, కౌన్సిలర్లదా? ఎంతమంది సభ్యులకు ఒక కౌన్సిలరు, ఆ లెక్క ఏ తేదీ నాటి సభ్యత్వం మీద కడతారు? ఓటింగు రహస్యమా, చేతులెత్తడమా? కింది శాఖలు ప్యానెళ్లకు మద్దతు ప్రకటించకూడదన్న నిబంధన ఎక్కడైనా ఉందా? సర్వసభ్య సమావేశానికి ఎన్ని రోజుల నోటీసు, కోరం (కనీస హాజరు) ఎంత? ఈ ఐదింటికి జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. జిల్లాలు 2022 ఏప్రిల్ 4న విడిపోయాయి. మీ ఫైల్లో ఉన్నది ఉమ్మడి తూర్పు గోదావరి కాలంనాటి జిరాక్సు అయితే దాన్ని నమ్ముకోవద్దు. సవరించిన ప్రతి ఇవ్వమని సంఘం జిల్లా శాఖ ఎన్నికల అధికారికి ఉత్తరం రాయండి. ఫోన్లో అడిగితే ఫోన్లోనే జవాబు వస్తుంది, రేపు అది ఎవరికీ గుర్తుండదు. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనదైతే, సంఘం వ్యవహారాలపై వచ్చే వివాదం 23వ సెక్షన్ ప్రకారం జిల్లా కోర్టు గుమ్మం దాకా వెళ్లగలదు. అక్కడ అడిగేది నోటీసు, హాజరు, మినిట్స్ (సమావేశంలో జరిగింది రాసే పుస్తకం). ఎవరు మంచివాళ్లో అక్కడ ఎవరూ అడగరు.

బైలా మౌనంగా ఉన్న చోట మీరు సొంతంగా పద్ధతి పెట్టుకోవచ్చు. అయితే ఆ పద్ధతిని ఓటింగుకు ముందే తీర్మానంగా రాసుకోవాలి. చీటీలు లెక్కపెట్టాక నిబంధన రాస్తే అది ఓడినవాళ్ల మీద కక్షలాగే కనిపిస్తుంది.

ఈ పోటీ ఎందుకింత వేడెక్కిందో సభ్యులకు దాచకుండా చెప్పండి. ఉభయ గోదావరి జిల్లాల ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానానికి 2021 మార్చిలో ఎన్నిక జరిగింది. అప్పుడు గెలిచిన షేక్ సాబ్జీ గారు 2023 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో మరణించారు. 2024 డిసెంబరు 5న ఉప ఎన్నిక జరిగి బొర్రా గోపీమూర్తి గారు గెలిచారు. ఉప ఎన్నికలో గెలిచినవారికి మిగిలిన కాలమే దక్కుతుంది కాబట్టి ఆరేళ్ల గడువు 2027తో ముగుస్తుంది. మీ సంఘం ఆ తర్వాత వచ్చే ఎన్నికలో ఎవరినైనా నిలబెట్టేదో, బలపరిచేదో అయితే, ఇప్పుడు జిల్లా శాఖ ఎవరి చేతికొస్తే అభ్యర్థి విషయంలో వాళ్ల మాటకు బరువుంటుంది. ఈ సంగతి రెండు ప్యానెళ్లకూ తెలుసు. తెలియనిది మామూలు సభ్యుడికే.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. శాసన మండలి ఉపాధ్యాయ స్థానంలో ఓటు సెకండరీ (హైస్కూలు) స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో, గడిచిన ఆరేళ్లలో కనీసం మూడేళ్లు బోధించినవాళ్లకే. ప్రాథమిక పాఠశాలలో చెప్పే ఎస్జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకు) ఆ ఓటు లేదు. మీ 142 మందిలో ఎస్జీటీలే ఎక్కువ ఉండి ఉంటారు. వాళ్లకు ఉన్న బలమంతా సంఘంలో ఉన్న ఓటే. దాన్ని కూడా ఎవరో ఫొటో దిగి వాడేసుకుంటే కోపం రావడం న్యాయమే. లంక బడులవాళ్లు, కొత్త పిల్లలు ముందు బయటికెళ్లారంటే మాకు ఆశ్చర్యం లేదు.

ఇక సభ్యత్వ జాబితా. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి కాబట్టి దీనికి ఒక వారం పూర్తిగా కేటాయించండి. రసీదు పుస్తకాలు తెచ్చుకుని, ప్రతి రసీదు నంబరుకూ ఎదురుగా పేరు, బడి, కట్టిన తేదీ రాయండి. గడువు తేదీ తర్వాత కట్టినవి వేరే కాగితం మీదికి మార్చండి. ఒకరే పదిమంది తరఫున ఒకే రోజు డబ్బు కట్టిన రసీదులు కనిపిస్తే, ఆ పదిమందితోనూ విడివిడిగా మాట్లాడి ‘అవును, నా సభ్యత్వమే’ అని సంతకం తీసుకోండి. 2025 బదిలీల్లో మండలం మారినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు పాత మండలంలో కట్టి ఉంటే అక్కడి నుంచి బదిలీ లేఖ రావాలి. రెండు చోట్లా పేరుంటే రెండు చోట్లా ఓటు చెల్లదనే వాదన వస్తుంది. 62 ఏళ్లు నిండి రిటైరైన మాస్టార్లు మన సమావేశాలకు పెద్దదిక్కు. కానీ బైలా వాళ్లకు ఓటు ఇవ్వకపోతే ముందు వరసలో కూర్చోబెట్టి గౌరవించండి, చీటీ ఇవ్వకండి. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో వచ్చినవాళ్ల చేరిక తేదీ, సభ్యత్వ తేదీ రెండూ చూడండి. గడువులోగా కట్టినవాళ్లకు ఓటు ఉంది. ‘నిన్నగాక మొన్న వచ్చారు’ అనేది బైలాలో ఎక్కడా ఉండదు.

జాబితా ముసాయిదాను స్కూల్ కాంప్లెక్సుల (దగ్గరి బడుల సముదాయాల) వారీగా కాగితం మీద పంపి, అభ్యంతరాలకు మూడు రోజులు గడువివ్వండి. వచ్చిన అభ్యంతరాన్ని కార్యవర్గంలో పరిష్కరించి, ఎందుకు ఒప్పుకున్నారో ఎందుకు ఒప్పుకోలేదో ఒక్క వాక్యం మినిట్స్‌లో రాయండి. పనిలో పనిగా జిల్లా శాఖకు కట్టాల్సిన వాటా బకాయి ఎంతుందో కోశాధికారిని అడగండి. బకాయి ఉన్న మండలాల కౌన్సిలర్లకు ఓటు లేదనే నిబంధన మీ బైలాలో ఉంటే, ఎన్నిక రోజు పొద్దున గేటు దగ్గర మీ ఏడుగురినీ ఆపేస్తారు. ముందే కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి.

నోటీసు వాట్సాప్‌లో పెడితే చాలదు. గ్రూపులోంచి వెళ్లిపోయినవాళ్లకు అది అందదు, ఉన్నవాళ్లు కూడా చూడలేదంటారు. బడికొక కాగితం ఇచ్చి, పేర్ల ఎదుట సంతకాలు తీసుకోండి. బైలాలో వేరేగా లేకపోతే ఏడు పూర్తి రోజులు ఉండాలి. నోటీసు ఇచ్చిన రోజు, సమావేశం రోజు ఆ ఏడింటిలోకి రావు. అజెండాలో ‘ఇతర అంశాలు’ అని దాచేయకుండా ఇలా రాయండి: ‘జిల్లా శాఖ ఎన్నికల్లో మండల శాఖ మద్దతు ప్రకటించాలా, ప్రకటిస్తే ఎవరికి అన్న అంశంపై రహస్య ఓటింగు’.

తేదీ విషయంలో మన ప్రాంతానికి తగ్గట్టు ఆలోచించాలి. బడి అయిపోయాక సాయంత్రం ఐదింటికి పెడితే లంకల్లో పనిచేసేవాళ్లు రాలేరు, వచ్చినా చివరి పడవ కోసం మధ్యలో లేచిపోతారు. ఇంట్లో చంటిపిల్లలున్న టీచర్లదీ అదే ఇబ్బంది. ఆదివారం ఉదయం పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు ముగించండి. ముహూర్తాలున్న ఆదివారాలు వదిలేయండి. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో సఖినేటిపల్లి, మలికిపురం వైపు రోడ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా అయితే నోటీసులోనే ఒక వాక్యం చేర్చండి: ‘ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక అమల్లో ఉంటే సమావేశం తరువాతి ఆదివారానికి వాయిదా.’ కాజ్‌వేలు మునిగిన రోజున ఓటింగు పెట్టి, లంక టీచర్లు లేకుండా తీర్మానం చేశారన్న మాట పడకూడదు.

స్థలం ఏ ప్యానెల్‌దీ కాకూడదు. ఎంఆర్సీ (మండల రిసోర్స్ సెంటర్) భవనమైతే అనుమతి కాగితం ముందే తీసుకోండి. అభ్యర్థుల డబ్బుతో భోజనాలు వద్దు. టీ, మంచినీళ్లు, చీటీల ఖర్చు మండల నిధి నుంచే పెట్టి, ఎంతైందో కోశాధికారి అక్కడే చదవాలి. ఒక ప్యానెల్ బిర్యానీ పెట్టిందంటే రెండో ప్యానెల్ ఊరుకోదు. చివరికి మాట్లాడుకోవాల్సిన సంగతి భోజనాల్లో కొట్టుకుపోతుంది.

రెండు ప్యానెళ్లనూ పిలవండి. ఒకరు వచ్చి ఒకరు రాకపోతే వచ్చినవాళ్లను కూడా మాట్లాడనివ్వకుండా, ఇద్దరి హామీల కాగితాలూ చదివి వినిపించండి. ఇద్దరూ వస్తే ఎవరు ముందో లాటరీ తీయండి. చెరో పదిహేను నిమిషాలు. గడియారం చూసే పని ఎవరికీ చుట్టం కాని ఒక సీనియర్ టీచరుకు ఇవ్వండి. ప్రశ్నలు చీటీల మీద రాసి పెట్టెలో వేయమనండి. లేచి అడగడానికి మొహమాటపడే టీచర్ల ప్రశ్నలే ఆ పెట్టెలో బాగుంటాయి.

ప్రశ్నలు ఏవి అన్నది కాస్త పట్టించుకోండి. అభ్యర్థులిద్దరూ సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పింఛను పథకం) రద్దు అంటారు, 2023 జులై 1 నుంచి రావాల్సిన 12వ పీఆర్సీ (వేతన సవరణ) అంటారు, చప్పట్లు పడతాయి. ఆ రెండూ రాష్ట్ర నాయకత్వం కొట్లాడాల్సినవి. జిల్లా అధ్యక్షుడు చేయగలిగింది ఏమిటో అది అడగాలి. జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్తు విడిపోలేదు. జెడ్పీ పీఎఫ్ పనికి కోనసీమ టీచరు కాకినాడ తిరగాల్సి వచ్చింది. 2025 బదిలీలు కూడా ఉమ్మడి జిల్లా లెక్కనే జరిగాయి. కాబట్టి ‘పీఎఫ్ అడ్వాన్సు దరఖాస్తులు ఆగిపోతే కాకినాడలో మీ తరఫున ఎవరు, వారంలో ఏ రోజు ఉంటారు?’ అనేది అసలైన ప్రశ్న. ‘సీనియారిటీ జాబితా ముసాయిదా వచ్చినప్పుడు మండలాలకు ఎన్ని గంటల్లో పంపుతారు?’ ‘పని సర్దుబాటు పేరుతో లంక బడి నుంచి టీచరును తీసేస్తే ఎవరితో మాట్లాడతారు?’ ‘మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లు ఏ టేబుల్ దగ్గర ఆగిందో కనుక్కునే ఏర్పాటు ఉందా?’ ఇలాంటివి అడిగితే ఎవరికి పని తెలుసో పది నిమిషాల్లో తేలిపోతుంది.

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) విషయం తప్పకుండా అడగండి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన ఇన్‌సర్వీసు టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. ఐదేళ్లలోపే సర్వీసు ఉన్నవాళ్లు ఉద్యోగంలో కొనసాగవచ్చు గానీ పదోన్నతి కావాలంటే వాళ్లకూ టెట్ ఉండాలి. కోర్టు వ్యవహారం రాష్ట్ర శాఖ చూసుకుంటుంది. జిల్లా శాఖ చేయాల్సింది వేరు. ఏ మండలంలో ఎంతమందికి ఈ తీర్పు తగులుతుంది, వాళ్ల సబ్జెక్టు ఏమిటి, ఆదివారం తరగతులు అమలాపురంలోనా రావులపాలెంలోనా, పుస్తకాల ఖర్చు ఎవరిది. ఏ ప్యానెల్ దగ్గర ఈ లెక్క రాసి ఉందో చూడండి. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన టీచరు ఇప్పుడు రాత్రిళ్లు పరీక్షకు చదువుకుంటుంటే సంఘం ఆ మాత్రం చేయకపోతే ఎలా?

కులం మాట కూడా ఎత్తక తప్పదు. మన జిల్లాలో ప్యానెల్ కూర్పులో అది ఉంటుందని అందరికీ తెలుసు, వేదిక మీద ఎవరూ అనరు, టీ దగ్గర అంతా అదే. అధ్యక్షత వహించేవారు మొదట్లోనే ఒక నియమం చదవాలి: అభ్యర్థి పని గురించి, సంఘం లెక్కల గురించి, హామీల గురించి మాట్లాడండి, ఊరు, ఇంటిపేరు, కులం సూచించే మాట వస్తే మైకు ఆపేస్తాను. ఒకసారి ఆపితే రెండోసారి అవసరం పడదు. అలాగే ఎమ్మెల్యే గారి మనిషి వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడతానంటే వినయంగా వద్దనండి. ఇది సభ్యుల సమావేశం, సభ్యులు కానివాళ్లకు మైకు లేదు.

ఓటింగుకు వద్దాం. చాలా శాఖలు ఒకే చీటీ మీద మూడు గడులు పెడతాయి: మొదటి ప్యానెల్, రెండో ప్యానెల్, ఎవరికీ వద్దు. ఇలా పెడితే ‘ఎవరికీ వద్దు’ అన్నవాళ్ల ఓటు ఎటూ చెందక, 40 శాతం కూడా రానివాళ్లు గెలిచినట్టు చూపించుకోవచ్చు. రెండు ప్రశ్నలు, రెండు రంగుల చీటీలు, రెండు పెట్టెలు పెట్టండి. తెల్ల చీటీ మీద ‘మండల శాఖ మద్దతు ప్రకటించాలా? అవును, వద్దు’. పసుపు చీటీ మీద రెండు ప్యానెళ్లు. అందరూ రెండూ వేస్తారు. ముందు తెల్ల పెట్టె లెక్కపెట్టాలి. ‘వద్దు’ నెగ్గితే పసుపు పెట్టె తెరవకూడదు. అలాగే సీలు వేయాలి. అప్పుడు మండలంలో ఎవరికి ఎంత బలముందో బయటపడదు, ఎవరి మీదా ఎవరూ లెక్కలు కట్టుకోరు. ఈ ఒక్క ఏర్పాటుతో సగం మనస్పర్థలు పుట్టకుండానే పోతాయి.

తెల్ల చీటీకి మామూలు మెజారిటీ చాలు. పసుపు చీటీకి మాత్రం చెల్లిన ఓట్లలో 60 శాతం పెట్టుకోండి. ఉదాహరణకు కోరం మూడో వంతు అనుకుంటే 142కి 48 మంది ఉండాలి. 90 మంది వచ్చారనుకుందాం. తెల్ల చీటీల్లో 52 ‘అవును’, 36 ‘వద్దు’, రెండు చెల్లలేదు. ప్రకటించాలన్నది నెగ్గింది. పసుపు చీటీల్లో ఒక ప్యానెల్‌కు 46, రెండోదానికి 37, ఏడు ఖాళీ. చెల్లినవి 83, అందులో 60 శాతం అంటే 50 ఓట్లు కావాలి. వచ్చినవి 46. కాబట్టి ప్రకటన లేదు. ఈ సమయంలోనే ఎవరో ఒకరు లేచి ‘మెజారిటీ మెజారిటీయే కదా’ అంటారు. అందుకే 60 శాతం తీర్మానాన్ని మొదటి అరగంటలోనే చదివి, ప్రతిపాదించినవారి పేరు, బలపరిచినవారి పేరు మినిట్స్‌లో రాసి ఉంచుకోవాలి. వీలైతే ఆ ఇద్దరూ చెరో ప్యానెల్‌కు దగ్గరివాళ్లై ఉండాలి.

లెక్కింపు బల్ల మీద అందరికీ కనిపించేలా జరగాలి. రెండు ప్యానెళ్ల నుంచి ఒక్కొక్కరు, ఎవరికీ చెందని ఇద్దరు కూర్చోవాలి. చీటీ మీద పేరో సంతకమో ఉంటే చెల్లదు, ఎందుకంటే అది ఎవరి ఓటో తెలిసిపోతుంది. టిక్కు పెట్టినా, గుణకారం గుర్తు పెట్టినా, ఒకే గడిలో ఉంటే చెల్లుతుంది. అనుమానం వచ్చిన చీటీని పక్కన పెట్టి చివర్లో నలుగురూ కలిసి చూడాలి. లెక్కయ్యాక చీటీలన్నీ కవరులో పెట్టి, అతుకు మీద నలుగురూ సంతకం చేసి, జిల్లా ఎన్నిక ముగిసి 30 రోజులు గడిచేదాకా కోశాధికారి దగ్గర ఉంచండి.

మీ మూడో ప్రశ్న, ఏడుగురూ ఒకే వైపు వేయాలా అన్నది. జిల్లా ఎన్నికలో రహస్య ఓటింగు ఉంటే కౌన్సిలరును కట్టడి చేసే దారి మీ దగ్గర లేదు, ఉండకూడదు కూడా. ఓటేసిన చీటీని ఫోన్లో ఫొటో తీసి చూపించమనడం రహస్య ఓటును చంపడమే. అలా అడిగినవాళ్ల మీద ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 60 శాతం దాటి మద్దతు తీర్మానం అయితే, కౌన్సిలర్లు దానికి నైతికంగా కట్టుబడాలని కోరవచ్చు. మనసొప్పనివాళ్లు ముందే చెప్పి, తమ బదులు వేరొకరిని పంపమనే అవకాశం బైలాలో ఉంటే వాడుకోవచ్చు. దాటకపోతే మా సలహా, పై ఉదాహరణ లెక్కనే ఏడు స్థానాలనూ ఓట్ల నిష్పత్తిలో చూసుకోవడం. 83లో 46 అంటే ఏడింటిలో 3.88, 37 అంటే 3.12. మొదట చెరో మూడు, మిగిలిన ఒకటి ఎక్కువ భిన్నం ఉన్నవాళ్లకు. నాలుగు, మూడు. కౌన్సిలర్లు తమంతట తాము దీనికి ఒప్పుకుంటే మండలంలో ఓడిన 37 మంది గొంతు జిల్లా దాకా వెళ్తుంది. ఒప్పుకోకపోతే ఎవరి మనస్సాక్షి వాళ్లది. ఏడుగురినీ గెలిచినవాళ్ల వైపే మళ్లించడం చూడటానికి ఐక్యతలా ఉంటుంది గానీ, ఆ 37 మంది వచ్చే ఏడాది సభ్యత్వ రసీదు పుస్తకం చూడగానే మొహం తిప్పుకుంటారు.

తీర్మానం పొడుగ్గా రాయకండి. ‘ఫలానా తేదీన జరిగిన సర్వసభ్య సమావేశానికి 142 మందిలో 90 మంది హాజరయ్యారు. రహస్య ఓటింగు జరిగింది. ముందుగా నిర్ణయించుకున్న 60 శాతం ఏ ప్యానెల్‌కూ రానందున మండల శాఖ ఎవరికీ మద్దతు ప్రకటించడం లేదు. ఎన్నికైన జిల్లా కార్యవర్గంతో మండల శాఖ కలిసి పనిచేస్తుంది.’ ఇంత చాలు. ఓట్ల అంకెలు మినిట్స్‌లో ఉండాలి, సభ్యులు ఎవరడిగినా చూపించాలి. పత్రికలకు మాత్రం ఇవ్వకండి. జిల్లా ఎడిషన్లో ‘మండల శాఖలో చీలిక’ అని వచ్చాక దాన్ని ఖండించడం మీ తరం కాదు.

మండలి ఎన్నిక వచ్చినప్పుడు ఇదే పద్ధతి పనికొస్తుందనుకోకండి. అది చట్టసభ ఎన్నిక. ప్రభుత్వ ఉద్యోగి ప్రచారంలో పాల్గొనడాన్ని 1964 నాటి ప్రవర్తనా నియమావళి నిషేధిస్తుంది. సంఘం అంతర్గత ఎన్నికకు ఆ నిషేధం తగలదు, కానీ బడి వేళల్లో, కాంప్లెక్స్ సమావేశాల్లో ప్యానెల్ కరపత్రాలు పంచితే విధుల నిర్లక్ష్యం కింద మెమో రావడానికి అది చాలు. కాంప్లెక్స్ సమావేశం ముగిసి అందరూ బయటికొచ్చాకే మీ నోటీసు ఇవ్వండి.

ఇక అధ్యక్షుడు గారి సంగతి. ఆయన మీద చర్య, సస్పెన్షన్ లాంటివి ఆలోచించవద్దు. దానివల్ల ఆయన ఒక వర్గానికి నాయకుడైపోతారు. ముందు మీరు ఒంటరిగా, ఇంటికెళ్లి మాట్లాడండి. పోస్టు తీసేసి, ‘అది నా సొంత అభిప్రాయం, మండల శాఖ నిర్ణయం సర్వసభ్య సమావేశంలోనే జరుగుతుంది’ అని రెండు వాక్యాలు ఆయనే పెట్టాలి. ఆయన పెడితే వందమంది పెట్టినట్టు. సర్వసభ్య సమావేశంలో ఆ ఒక్క అంశానికి ఆయన అధ్యక్షత వహించకుండా సహాధ్యక్షుల్లో ఒకరు కూర్చోవాలి. ఓటు వేసే హక్కు, సభ్యుడిగా మాట్లాడే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది. ఒప్పుకోకపోతే కార్యవర్గాన్ని పిలిచి ‘ఇప్పటివరకు మండల శాఖ ఎవరికీ మద్దతు ప్రకటించలేదు’ అని తీర్మానం చేసి, రెండు ప్యానెళ్లకూ ఒకే రోజు ఒకే ప్రతి పంపండి. ఈ ఉత్తరం మాత్రం ఆలస్యం చేయకండి. మీ మండలం ఖాయమని ఒక ప్యానెల్ ఇప్పటికే లెక్కలో వేసుకుని ఉంటుంది.

గ్రూపులోంచి వెళ్లిన 19 మందిని మీరే మళ్లీ యాడ్ చేయకండి, చేసినా నిమిషంలో వెళ్లిపోతారు. నోటీసు కాగితం పట్టుకుని లంక బడులకు ముందు మీరే వెళ్లండి. కార్యవర్గంలో ఒక మహిళా సభ్యురాలిని వెంట తీసుకెళ్లండి. ‘గ్రూపులోకి రండి’ అనకుండా, ‘ఆదివారం ఓటు వేయడానికి రండి, పడవ టైముకు ముందే ముగిస్తాం’ అనండి. వాళ్లు చెప్పింది వినండి, అక్కడే వాదించకండి. లెక్కింపు బల్ల దగ్గర ఎవరికీ చెందని ఇద్దరు కావాలన్నాం కదా, ఆ ఇద్దరిలో ఒకరిని ఈ 19 మందే ఎంచుకుని పేరు చెప్పమనండి. ఆ పేరు నోటీసు మీదే చేతితో రాసి, మిగతా బడులకు అదే కాగితం పంపండి.